రిటర్న్ డేట్

జూన్ 2, సోమవారం

పని పోయింది. పదకొండేళ్ళ పని వాట్సాప్‌లో రెండు లైన్లలో పోయింది. ఇకమీదట రైల్వే వర్క్‌షాప్‌లో వ్యాగన్ల మీద అక్షరాలు స్టికర్లతో అంటిస్తారట, పెయింటర్లు రానక్కర్లేదట, థాంక్సట. చివర చేతులు జోడించిన బొమ్మ. కాంట్రాక్టరు మనిషి జన్మలో నాకు దండం పెట్టలేదు, ఇవాళ పెట్టాడు. ఒళ్ళు మండిపోయింది.

నీలవేణికీ అదే మెసేజ్. నా పక్కన ఏడేళ్ళు బ్రష్ పట్టిన పిల్ల. ఫోన్ చేసి ఏడ్చింది. నేను ఏడవలేదు. స్టికర్ వానకి ఊడిపోతుంది చూడు అన్నాను. ఊడిపోతే మనకేటొస్తాది జెనక్కా అంది. 

జూన్ 3

కాంట్రాక్టరు ఇత్తడి స్టెన్సిళ్ళు ఉంచేసుకున్నాడు. నావి నేను తెచ్చేసుకున్నాను. నావి ఎక్స్‌రే ఫిల్ములతో కోసినవి. పక్కింటి అన్నమ్మ పిన్ని రైల్వే ఆస్పత్రిలో ఆయాగా చేసినన్నాళ్ళూ పనికిరాని ఫిల్ములు తెచ్చిచ్చేది. ఇత్తడికన్నా అదే మేలు, వంగుతుంది, గుండ్రటి చోట కూడా అతుక్కుంటుంది.

సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న అంకెలు మాత్రం మా ఆయన విల్‌ఫ్రెడ్ ఛాతీ ఎక్స్‌రేలోంచి కోశాను. ఆయన పోయిన నెలకి. పిన్ని చూసి నోరు నొక్కుకుంది. మంచి ఫిల్ము, పారేస్తే ఏం లాభం అన్నాను. నిజమేమిటంటే ఆయన్ని ఇంట్లో పెట్టె అడుగున దాచడం నాకిష్టం లేదు. నాతో పనికి రావాలి అనుకున్నాను. నాలుగేళ్ళు వచ్చాడు.

జూన్ 4, పొద్దున్న

అన్నయ్య గాజువాక నుంచి ఫోన్. నీలవేణి వాళ్ళాయన చెప్పాడట. ఒక్కదానివీ అక్కడేటి సేస్తావు, వొచ్చీ, నీకు నాలుగు ముద్దలు పెట్టలేమేటి అన్నాడు. ఆ నాలుగు ముద్దల సంగతి నాకు తెలుసు. ఆలిస్ వదిన వాళ్ళమ్మ ఆర్నెల్లుగా మంచం మీద ఉంది. ఆయాకి జీతం ఇవ్వాలి, చెల్లెలికి ఇవ్వనక్కర్లేదు.

అన్నయ్య చెడ్డవాడు కాదు. కృపారావు అంటే ఇక్కడ ఇప్పటికీ అడుగుతారు. కానీ వాడు మనూరు వొచ్చీ అన్నప్పుడు నాకు తిక్క రేగింది. మనూరు ఏది? నేను పుట్టింది ఈ ఖరగ్‌పూర్‌లో, తాల్‌బగీచాలో, తాతయ్య పోయిందీ ఇక్కడే. గాజువాకలో కూరగాయలవాడు నా తెలుగు విని ఏ దేశమమ్మా మీది అని అడిగాడు.

నవంబర్ దాకా టైమియ్యి, నా అద్దె నేను కట్టుకునే పని దొరక్కపోతే నేనే వస్తాను అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. వాడు వెంటనే పట్టుకున్నాడు. నవంబర్ పదిహేను, మాటేనా అన్నాడు. మాటే అన్నాను.

జూన్ 11

ఎక్కడెక్కడ అడిగానో రాసి పెడతాను, మళ్ళీ అదే గుమ్మం ఎక్కకుండా.

సెక్యూరిటీ ఏజెన్సీ: ఎత్తు చాలదు. గోల్‌బజార్‌లో బోర్డులు రాసే కొట్టు: బెంగాలీ రాయడం రావాలి. నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్నాం, బెంగాలీలో పోట్లాడతాను, బేరమాడతాను, రాయడం మాత్రం రాదు. నర్సింగ్ హోమ్: ముందు ఆరు నెలలు ట్రైనింగ్, దానికి ఎదురు డబ్బు మనమే కట్టాలి. ఇంగ్లిష్ మీడియం స్కూలు: ఆయా ఖాళీ ఉంది కానీ ప్రిన్సిపాల్ నా గోళ్ళలో రెడ్ ఆక్సైడ్ ఎర్ర రంగు చూసి మొహం అదోలా పెట్టింది. చేతులు కడుక్కుని రమ్మంది. కడుక్కునే వచ్చాను మేడమ్, ఇది పోదు అని చెప్పి వచ్చేశాను.

జూన్ 20

చర్చి కమిటీ వాళ్ళు బియ్యం ఇచ్చే కుటుంబాల లిస్టులో నా పేరు రాశారట. ఎవరు రాయమన్నారు? అన్నమ్మ పిన్ని. వెళ్ళి పోట్లాడాను. పిన్ని నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చి, నాకు టీ పోసి, అప్పుడు మొదలెట్టింది. నీ పెళ్ళికి బిర్యానీ వొండింది ఈ వీధోళ్ళే, విల్‌ఫ్రెడ్‌ని మోసినోళ్ళు ఈ వీధోళ్ళే, అప్పుడు తీసుకున్నావు గదే, ఇప్పుడేటొచ్చింది నీకు పెద్ద రోషం అంది. రోషం కడుపు నింపదమ్మీ, బియ్యం వొద్దంటే మానీ, నీకేటి కావాలో అదైనా నోరు తెరిసి అడుగు అంది.

టీ బావుంది. ఆ మాట మాత్రం రాత్రంతా కుట్టింది.

జూన్ 22, ఆదివారం

ఇవాళ నా పరువు నేనే తీసుకున్నాను, లేదా నిలబెట్టుకున్నాను. ఏదో ఒకటి.

ప్రార్థన విన్నపాలు చదివే చోట పాస్టరుగారు నా పేరు చదివారు. ఆధారం లేని మన పేద సహోదరి జెనీ కొరకు అన్నారు. అందరూ తలలు వంచారు. నేను లేచి నిలబడ్డాను. అయ్యగారూ, పేద అని తీసెయ్యండి అన్నాను. దేవుడితో చెప్పేటప్పుడు సరిగ్గా చెప్పండి. నాకు పని కావాలి. పదకొండేళ్ళు వ్యాగన్లకి లెటరింగ్ చేశాను, ఏ ఇనుము మీదైనా పెయింట్ వేస్తాను, అంకె వంకర పోదు, నిచ్చెన ఎక్కుతాను అన్నాను. నా ఫోన్ నంబర్ కూడా చెప్పాను. రెండుసార్లు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. 

పాస్టరుగారు నేను చెప్పినది చెప్పినట్టు ప్రార్థన చేశారు. నిచ్చెనతో సహా.

బయటికొచ్చేసరికి నిమ్‌పురాలో ఉండే ఆమోసుగారు, రిటైర్డ్ రైల్వే గార్డు, నా కోసం నిలబడి ఉన్నారు. హిజ్లీ వైపు కాలేజీ క్యాంపస్ గేటు దగ్గర బాదల్ దాదా అనే ఆయన సైకిల్ కొట్టు ఉందట. చదువైపోయి వెళ్ళిపోయే స్టూడెంట్లు సైకిళ్ళు పారేసినట్టు అమ్మేస్తారట. దాదా అవి కొని, బాగుచేసి, రంగు వేయించి కొత్తగా వచ్చేవాళ్ళకి అమ్ముతాడట. రంగు వేసే మనిషి పారిపోయాడట. నా పేరు సెప్పీ, నాలుగు మాటలు తక్కువ మాటాడు అన్నారు ఆమోసుగారు.

జూలై 7

బాదల్ దాదా తీసుకున్నాడు. సైకిల్‌కి ఇంత అని లెక్క. యాభై ఏళ్ళ మనిషి, లుంగీ, చెవి మీద బీడీ. పని చూశాక మాట్లాడదాం దీదీ అన్నాడు. చూపించాను. రెండో రోజు టీ తెప్పించాడు.

రంగు ఎండే టైములో కూర్చోలేక చెయిన్లు కడగడం, గ్రీజు పెట్టడం, బ్రేక్ రబ్బర్లు మార్చడం కూడా నేర్చేసుకుంటున్నాను. సైకిళ్ళ మీద సుద్దతో అంకెలు కూడా వేస్తున్నాను, ఒకటి, రెండు, మూడు అని. ఏ సైకిల్ ఏదో దాదాకి తేలిగ్గా తెలుస్తోంది.

జూలై 29

ఇవాళ ఒక తప్పు చేశాను. ఒకటో నంబరు సైకిల్ పూర్తయింది, నల్లగా మెరుస్తోంది, వెనక మడ్‌గార్డ్ మీద నంబరు వేశాను. వేసి చెయ్యి ఆగలేదు. నంబరు కింద, వ్యాగన్ మీద వేసినట్టే, ఖరగ్‌పూర్ అని వర్క్‌షాప్ పేరు, ఓవర్‌హాలింగ్ చేసిన తేదీ, దాని కింద రిటర్న్ డేట్. వర్క్‌షాప్‌లో అది లేకుండా వ్యాగన్ గేటు దాటదు. దేశంలో ఏ మూల తిరుగుతున్నా ఆ తేదీకి బండి వెనక్కి రావాలి, వస్తే మేం చూస్తాం అని దాని అర్థం.

ఏ తేదీ వెయ్యాలో కూడా ఆలోచించలేదు. నా తలలో తిరుగుతున్న తేదీ ఒక్కటే. 15-11-25 అని పడింది.

తుడిచెయ్యొచ్చు. థిన్నర్ పక్కనే ఉంది. కానీ వేసిన తేదీ తుడిచే అలవాటు మాకు లేదు. కాసేపు దాన్నే చూశాను. చూసి రెండో సైకిల్ తీసుకుని దాని మీదా వేశాను. సాయంత్రానికి తొమ్మిది సైకిళ్ళకి వేశాను.

ఆగస్టు 20, మధ్యాహ్నం రెండు

కొట్టు నుంచి ఇప్పుడే వచ్చేశాను. వచ్చేశాను అంటే పొమ్మన్నాడు.

నలభై ఒకటి అమ్ముడయ్యేదాకా దాదా ఆ రాత చదవలేదు, ఏదో డిజైన్ అనుకున్నాడు. ఇవాళ ఒక కొత్త స్టూడెంటు వాళ్ళ నాన్నతో వచ్చి, ఈ సైకిల్ నవంబర్ పదిహేనుకి ఎక్స్‌పైర్ అవుతుందా అని అడిగాడట. మందు సీసా మీద ఉన్నట్టు రాశారేమిటి అన్నాడట ఆ నాన్న. కొనకుండా పోయారు. ఎ కీ కోరేఛో దీదీ, ఏం చేశావు ఇది అని దాదా నెత్తి పట్టుకున్నాడు. వివరంగా చెప్పాను. విన్నకొద్దీ కోపం ఎక్కువైంది. అమ్మినవాడు మళ్ళీ రమ్మని పిలుస్తాడా, అందరూ ఫ్రీగా బాగుచెయ్యమని వస్తే ఎవడు చేస్తాడు అన్నాడు. నేను చేస్తాను అన్నాను. మిగిలిన పన్నెండూ తుడిచెయ్యి, లేకపోతే వెళ్ళు అన్నాడు.

తుడవను అన్నాను. అతను రెండోసారి వెళ్ళమనక ముందే బ్రష్‌లు కడిగేశాను.

ఆగస్టు 21

తుడిచేస్తే ఏం పోయేది?

ఆగస్టు 22

తుడవను.

సెప్టెంబర్ 8

నీలవేణి మాట సాయం. అది ఒక హాస్టల్ మెస్‌లో కూరగాయలు తరుగుతోంది, నన్ను ప్లేట్లు కడిగే చోట పెట్టించింది. దుర్గాపూజ సెలవుల దాకా, తర్వాత అవసరమైతే పిలుస్తారట. ఆరు వందల ప్లేట్లు, మూడు పూటలు. మెస్ బాబు, అంటే మేనేజరు, మంచివాడు, భోజనం పెడతారు. చేతులకి రెడ్ ఆక్సైడ్ పోయింది. పదకొండేళ్ళలో మొదటిసారి నా గోళ్ళు తెల్లగా ఉన్నాయి, ఎవరివో అనిపిస్తున్నాయి.

సెప్టెంబర్ 10

హాస్టల్ సైకిల్ స్టాండ్‌లో ఇరవై ఏడో నంబరు కనిపించింది. చెయిన్ ఎండిపోయి ఉంది. మెస్‌లోంచి చెంచాడు ఆవనూనె తెచ్చి వేశాను. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 12

పదమూడు, ముప్ఫై, ఆరు. ఆరో నంబరుకి ముందు బ్రేక్ వదులు. బిగించాను. ఇంటి నుంచి మిషన్ ఆయిల్ తెచ్చుకుంటున్నాను, ఆవనూనె దుమ్ము పట్టేస్తుంది.

సెప్టెంబర్ 17

విశ్వకర్మ పూజ. ఇవాళ వర్క్‌షాప్ గేట్లు తీస్తారు, ఇంటిల్లిపాదీ కొత్త బట్టలతో వచ్చి మిషన్లు చూస్తారు. మేం చర్చి వాళ్ళమైనా ఏ ఏడూ మానలేదు, విల్‌ఫ్రెడ్ తన డ్రిల్లుకి తనే బంతిపూలు కట్టేవాడు. ఈ ఏడు నాకు వెళ్ళబుద్ధి కాలేదు. ప్లేట్లు అయ్యాక సైకిల్ స్టాండ్‌కి వెళ్ళాను.

పద్దెనిమిదో నంబరు చెయిన్ తీసి చేతిలో పట్టుకున్నాను, గార్డు వచ్చి భుజం పట్టుకున్నాడు. దొంగ అన్నాడు. నలుగురు పోగయ్యారు. నేను అరిచాను. దొంగ చెయిన్‌కి నూనె పెడతాడా, ఈ అంకె నా చేతిది, చూసుకో అన్నాను. హిందీలో మొదలెట్టి, బెంగాలీలోకి వెళ్ళి, ఆఖరికి తెలుగులో తిట్టాను. ఆ తిట్టు విని ఒకమ్మాయి గబగబా వచ్చింది. ఆ సైకిల్ ఆమెదే. రాధారాణి, వరంగల్, పీహెచ్‌డీ చేస్తోందట.

అక్కా, గిది నువ్వు రాసినవా, గా డేటేంది, మేమంత ఎక్స్‌పైరీ అనుకుంటున్నం అంది. చెప్పాను. బండి ఎక్కడున్నా ఆ రోజుకి వెనక్కి రావాలి, నేను చూస్తాను అని.  గార్డుని పంపించేసింది. తర్వాత ఆ అంకెల ఫొటో తీసుకుంది, వాళ్ళ గ్రూప్‌లో పెడతానంది. నీ తెలుగు మస్తుగుందక్కా అని కూడా అంది. వెక్కిరించిందో మెచ్చుకుందో తెలీలేదు.

మెస్ బాబు పిలిచి ఇంకెప్పుడూ స్టాండ్ వైపు పోవద్దన్నాడు.

అక్టోబర్ 6

పూజ సెలవులు అయిపోయాయి. మెస్ నుంచి పిలుపు రాలేదు. నీలవేణి కళ్ళెత్తకుండా చెప్పింది, వేరే ఆమెని పెట్టుకున్నారట. నువ్వేటి సేస్తావే, నీ తప్పు కాదు అని నేనే దాన్ని ఊరడించాల్సి వచ్చింది.

అక్టోబర్ 9

చర్చి కుర్చీలకి నంబర్లు వేశాను. నూట ఇరవై. ఒక అపార్ట్‌మెంటులో వాటర్ డబ్బాల మీద ఫ్లాట్ నంబర్లు. ఒక పెళ్ళివాళ్ళ గిన్నెల మీద పేరు. అడిగితే దొరుకుతున్నాయి, నిజమే. అడగడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. కానీ ఒక్కరోజు పని, పదిరోజుల ఖాళీ. ఇంటి ఓనరు అద్దె గురించి అడగడం కూడా మానేశాడు, అది ఇంకా భయంగా ఉంది.

బియ్యం తీసుకున్నాను. పిన్ని తనే మోసుకొచ్చింది. దించిపెట్టి వెళ్ళిపోయింది.

అక్టోబర్ 18

అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను. మాట మాటే, టికెట్లు తీసెయ్యి అన్నాను. గెలిచినట్టు మాట్లాడతాడనుకున్నాను. మాట్లాడలేదు. నిజంగానే వొస్తావా సెల్లీ అన్నాడు.  నవంబర్ పదహారుకి రెండు టికెట్లు. పద్నాలుగున వాడే వస్తాడు.

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. ఇక్కడ రాయకపోతే ఎక్కడా ఉండదు కాబట్టి రాస్తున్నాను. బాగా ఏడ్చాను. ఆ తర్వాత అన్నం వండుకుని తిన్నాను.

నవంబర్ 14

అన్నయ్య వచ్చాడు. ఊరంతా తిరిగి కనిపించిన ప్రతివాడితో మాట్లాడి వచ్చాడు. నేను పెట్టె సర్దాను. స్టెన్సిళ్ళు పైన పెట్టాలా అడుగున పెట్టాలా తేల్చుకోలేక పక్కన పెట్టాను.

నవంబర్ 15, శనివారం, పొద్దున్న 6.40

బాదల్ దాదా ఫోన్. మూడు నెలల తర్వాత. దీదీ, జల్దీ రా, గేటు నుంచి నా కొట్టు దాకా సైకిళ్ళు నిలబెట్టేశారు, రిటర్న్ డేట్ అంటున్నారు, ఏం మాటిచ్చావు వీళ్ళకి అన్నాడు.

వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

నలభై ఒకటికి ముప్ఫై నాలుగు వచ్చాయి. ఒక్కో వెనక మడ్‌గార్డ్ మీదా నా అంకెలు. రాధారాణి ఫొటో గ్రూప్‌లో పెట్టి, ఎక్స్‌పైరీ కాదు, ఆ రోజుకి ఇంటికి రమ్మని అర్థం అని రాసిందట. అప్పట్నించీ నవంబర్ పదిహేను వాళ్ళకి పండగైపోయిందట. కొందరు హ్యాండిల్‌కి బంతిపూలు కట్టుకుని వచ్చారు. ఇంకో ఇరవైమంది నంబరు లేని సైకిళ్ళతో వచ్చి, మాకూ ఒక డేట్ వెయ్యండి అన్నారు. వీళ్ళు డబ్బిచ్చి మరీ వేయించుకుంటామన్నారు.

దాదా నా వైపు చూశాడు. నేను తల దించలేదు. ముందు మాట, తర్వాత పని అన్నాను. ఓవర్‌హాలింగ్ నాది. కడగడం, గ్రీజు, బ్రేకులు, తేదీ నావి. సామాను, చక్రాల వంకరలు నీవి. వచ్చింది సగం సగం. ఈ నలభై ఒకటికీ ఈ ఒక్కసారి ఉచితం, అది నా మాట కాబట్టి నా కూలీ నేను వదులుకుంటాను, నువ్వూ వదులుకో. తుడవమని ఇంకెప్పుడూ అనకు. దాదా చెవి మీది బీడీ తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. ఠీక్ హై దీదీ అన్నాడు.

నీలవేణికి ఫోన్ చేశాను, మెస్ అవగానే పరుగెత్తుకొచ్చింది. అన్నయ్య నా వెనకే వచ్చి, ఇదేటే ఈ గోల అంటూ అరగంట రోడ్డు మీద నిలబడ్డాడు. తర్వాత ప్యాంటు మడిచి పంపు తీసుకున్నాడు. మధ్యాహ్నం దాకా గాలి కొట్టాడు. ఒకడికి వాల్వ్ ఎలా మార్చాలో పాఠం కూడా చెప్పాడు. గాజువాకలో ఎవరికీ తెలీదు, వీడు కుర్రప్పుడు ఈ ఊళ్ళోనే పంక్చర్లు వేశాడని.

ఈసారి అన్నింటికీ ఒకే తేదీ వెయ్యలేదు. అంత తెలివితక్కువదాన్ని కాను. రోజుకి మూడు చొప్పున, ఫిబ్రవరి మొదలుకుని వరసగా వేసుకుంటూ పోయాను. ఎవరూ నాకు పని ఇవ్వక్కర్లేదు, రాబోయే పనిని నేనే రాసుకున్నాను. అప్పటిదాకా నంబరు లేని సైకిళ్ళు క్యాంపస్‌లో ఎన్ని లేవు! విల్‌ఫ్రెడ్ అంకెలు పెయింట్ పట్టి బిగుసుకుపోయాయి. ఇప్పుడే థిన్నర్‌తో కడిగాను. వేళ్ళు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి.

అన్నయ్య కంచం ముందు కూర్చుని చాలాసేపు అన్నం కలిపాడు. ఆ రెండో టికెట్ కాన్సిల్ సేసీమంటావేటి అన్నాడు. సేసీ అన్నాను. ఆలిస్ వదిన వాళ్ళమ్మకి ఆయాని కుదిర్చే పని నేను చూస్తానన్నాను, అన్నమ్మ పిన్నికి అక్కడ తెలిసినవాళ్ళున్నారు. తల ఊపాడు. పులుసు ఇంకొంచెం వెయ్యమన్నాడు.

నవంబర్ 16, ఆదివారం, ప్లాట్‌ఫామ్ మీద

అన్నయ్య బండెక్కాడు. వాడి సూట్‌కేస్ అడుగున నిన్న రాత్రే స్టెన్సిల్ కొట్టాను.

ఖరగ్‌పూర్. 15-11-25.
రిటర్న్ డేట్ 25-12-25.

వాడింకా చూసుకోలేదు.